గుటకను కొలిచే విద్యుత్ పరికరాలు: వాడిచూశాక నా అభిప్రాయం

మింగుడు సమస్యలున్నవారికి చికిత్స చేసే స్పీచ్ థెరపిస్టుగా నేను ఏడాదిన్నర కాలంగా రెండు రకాల పరికరాలు వాడుతున్నాను. మొదటిది గడ్డం కింది చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి కండరాల విద్యుత్ సంకేతాన్ని నమోదు చేసే రెండు చానళ్ల సర్ఫేస్ ఈఎంజీ యంత్రం. రెండోది ఆ ఈఎంజీకి తోడుగా మెడలోకి అతి స్వల్పమైన కరెంటును పంపి, గొంతు దానికి ఎంత అడ్డు చెబుతోందో కొలిచే బయోఇంపెడెన్స్ పరికరం. రెండూ సూది గుచ్చవు, ముక్కులోంచి గొట్టం దించవు, ఎక్స్‌రే వాడవు. కంపెనీల పేర్లు రాయడం లేదు. నేను చెప్పబోయే గుణదోషాలు చాలావరకు ఆ కొలత పద్ధతులకు చెందినవే కాని ఏ ఒక్క తయారీదారుకో పరిమితమైనవి కావు. నా తీర్పు ముందే చెబుతాను. మొదటిదాన్ని మళ్లీ కొనవలసివస్తే వెనకాడను. రెండోదాన్ని ఓపికగా నేర్చుకునే తీరిక ఉన్నవారే కొనాలంటాను. రెండింటి సాఫ్ట్‌వేర్లూ చివర్లో పెద్ద అంకెలతో చూపించే ‘మింగుడు స్కోరు’ను మాత్రం చూడటం ఎప్పుడో మానేశాను.

మింగడంలో లోపం ఎక్కడుందో చూసి చెప్పే పరీక్షలుగా వైద్యులు నమ్మేవి రెండు. మొదటిది వీడియోఫ్లోరోస్కోపీ, బేరియం కలిపిన ద్రవాన్నీ ముద్దనూ మింగిస్తూ ఎక్స్‌రేతో కదిలే బొమ్మ తీస్తారు. రెండోది ఫీస్, ముక్కు గుండా సన్నని ఎండోస్కోపు దించి గొంతును పైనుంచి చూస్తారు. సుసాన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు 1988లో దీన్ని వైద్యలోకానికి పరిచయం చేశారు. రెండూ గొప్ప పరీక్షలే, అయితే రెండింటికీ హద్దులున్నాయి. మొదటిదానికి ఎక్స్‌రే గది కావాలి, రేడియేషన్ లెక్క చూసుకోవాలి, మంచం దిగలేని రోగిని అక్కడిదాకా తీసుకువెళ్లాలి. రెండోదానిలో సరిగ్గా గుటక పడే క్షణంలో గొంతు గోడలు కెమెరాను కమ్మేసి తెర తెల్లబడిపోతుంది. గుటకకు ముందూ తర్వాతా కనిపిస్తాయి కాని ఆ మధ్య జరిగింది కనిపించదు. పైగా ఈ రెండింటినీ వారానికి మూడుసార్లు చేయలేము. చికిత్స మాత్రం వారానికి మూడుసార్లు, కొన్నిసార్లు రోజూ జరుగుతుంది.

అందుకే పరీక్షకూ పరీక్షకూ మధ్య మేము చేతివేళ్ల మీద ఆధారపడతాము. చూపుడువేలు గడ్డం కిందా, తక్కిన వేళ్లు నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక మీదా స్వరపేటిక మీదా ఆనించి, రోగి గుటక వేసినప్పుడు అది ఎప్పుడు కదిలిందో, ఎంత లేచిందో అంచనా కడతాము. కొన్నేళ్ల అనుభవంలో వేళ్లకు మంచి జ్ఞానమే వస్తుంది. కాని నిన్నటి గుటకకూ ఇవాళ్టి గుటకకూ తేడాను వేళ్లు కాగితం మీద పెట్టలేవు, సాయంత్రం డ్యూటీకి వచ్చిన సహోద్యోగి వేళ్లకు అప్పజెప్పలేవు. ఈ పరికరాలు తీర్చవలసిన లోటు ఇది. వీడియోఫ్లోరోస్కోపీ చేసే పనిని అవి చేయాలని ఆశించడం మొదటి నుంచీ పొరపాటు. ఆ ఆశను కలిగించే ప్రకటనలు చాలా ఉన్నాయి కాబట్టే ఇంత వివరంగా రాయవలసివస్తోంది.

కొలతలు అర్థం కావాలంటే గుటకలో ఏం జరుగుతుందో కొద్దిగా చెప్పుకోవాలి. నాలుక ముద్దను వెనక్కి నెట్టడం మన ఇష్టం మీద జరిగే పని. ముద్ద గొంతులోకి చేరగానే పగ్గాలు మెదడు అడుగుభాగమైన మజ్జాముఖంలోని నాడీకణాల చేతికి వెళ్లిపోతాయి. గడ్డం కింది మైలోహయాయిడ్, జీనియోహయాయిడ్, డైగాస్ట్రిక్ కండరాలు హయాయిడ్ ఎముకను పైకీ ముందుకీ లాగుతాయి; దానితోపాటు స్వరపేటిక లేస్తుంది, స్వరతంత్రులు మూసుకుంటాయి, గాలిగొట్టానికి మూతలాంటి ఉపజిహ్విక వెనక్కి వాలుతుంది, శ్వాస ఆగుతుంది, ఎప్పుడూ బిగిసి ఉండే అన్నవాహిక పైకవాటం సడలి తెరుచుకుంటుంది. ఇదంతా దాదాపు ఒక సెకనులో ముగుస్తుంది. ఆ క్రమంలో ఏ ఒక్కటి ఆలస్యమైనా నీరు గాలిగొట్టం వైపు జారుతుంది. ఆరోగ్యవంతులకైతే వెంటనే పొలమారుతుంది. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి పొలమారడం కూడా ఉండదు. నీరు నిశ్శబ్దంగా లోపలికి పోతుంది. మంచం దగ్గర కూర్చుని పరీక్షించేవారిని అన్నిటికంటే భయపెట్టేది ఈ నిశ్శబ్దమే.

ఇక మొదటి పరికరం సంగతి. పెట్టెలో అరచేతిలో ఇమిడే ఒక యంత్రం, తీగలు, వెండి, వెండి క్లోరైడ్ పూతతో జెల్ నింపిన అతుకుడు ఎలక్ట్రోడ్ల ప్యాకెట్లు వచ్చాయి. గడ్డం కింద మధ్యరేఖకు అటొకటి, ఇటొకటి అంటించి, మూడోదాన్ని కండరాల చలనం తక్కువగా ఉండే ఎముక దగ్గర రెఫరెన్సుగా పెడతాము. సర్ఫేస్ ఈఎంజీ పద్ధతులను ఏకరూపంలోకి తేవడానికి యూరప్‌లో సాగిన సెనియామ్ ప్రాజెక్టు ఎలక్ట్రోడ్ల కేంద్రాల మధ్య 20 మిల్లీమీటర్ల దూరం సూచించింది. చిన్న గడ్డాల మీద అది కూడా కష్టమే. ఏ దూరం పెట్టినా ప్రతిసారీ అదే దూరం పెట్టడం ముఖ్యమని నాకు త్వరలోనే తెలిసివచ్చింది. ఇప్పుడు మొదటిరోజునే గడ్డం కొన నుంచి ఎంత దూరంలో అంటించానో స్కేలుతో కొలిచి, రోగి ఫైల్లో చిన్న బొమ్మ గీసుకుంటున్నాను.

చర్మాన్ని సిద్ధం చేయడం గురించి వాడకం పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంది. నిజానికి సగం పని అదే. మాసిన గడ్డం ఉంటే ఎలక్ట్రోడ్ అంటుకోదు, గీయాలి. స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. పెద్దవయసువారి చర్మం కాగితంలా పలుచగా ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు ఒక్క లాగున లాగకూడదు, అంచును తడిపి మెల్లగా వలవాలి. గడ్డం కింద కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో, మెడకు రేడియేషన్ చికిత్స తర్వాత వాపు వచ్చినవారిలో సంకేతం చర్మం దాకా చేరేసరికే బాగా నీరసిస్తుంది. అలాంటి రోగి గీత చిన్నదిగా కనిపిస్తే కండరం బలహీనమని రాసేయడానికి లేదు.

ఈ సంకేతం ఎంత చిన్నదో తెలిస్తే దాని గారాలు కూడా అర్థమవుతాయి. ఇది వోల్టులో పదిలక్షల వంతులతో కొలిచే సంగతి. గుటక సమయంలో కొన్ని పదుల నుంచి కొన్ని వందల మైక్రోవోల్టుల దాకా ఉంటుంది. గోడలోని విద్యుత్ తీగల 50 లేక 60 హెర్ట్జ్ రొద దాన్ని సులభంగా ముంచేయగలదు. చాలా యంత్రాల్లో ఆ ఒక్క పౌనఃపున్యాన్ని కత్తిరించే నాచ్ ఫిల్టర్ ఉంటుంది, అమ్మేవారు దాన్ని గొప్ప సౌకర్యంగా చూపిస్తారు. అయితే కండర సంకేతంలో శక్తి అధికంగా ఉండే మేర కూడా దాదాపు అక్కడే, అంటే 50 నుంచి 150 హెర్ట్జ్ మధ్యనే మొదలవుతుంది. రొదతోపాటు మనకు కావలసిందీ కొంత కొట్టుకుపోతుంది. నేను ఇప్పుడు ఫిల్టరు ఆపేసి, ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి, మంచం మోటారు ప్లగ్గు తీసేసి, బ్యాటరీ మీద నడుపుతున్నాను. ఈ చిన్న మార్పుతో గీత ఎంత తేటపడిందో చూసి మొదటి మూడు నెలల రికార్డులన్నీ పక్కన పెట్టవలసివచ్చింది. ఆ మూడు నెలల శ్రమ గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వాడకంలో నేను చేసే మొదటి పని మింగించడం కాదు. నోరు తెరవమంటాను, నాలుకను అంగిలికి నొక్కమంటాను, పళ్లు బిగించమంటాను, ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టమంటాను, దగ్గమంటాను. ఇవన్నీ గడ్డం కింద గీతను లేపుతాయి. కొన్ని గుటక కంటే పెద్దవిగానే లేపుతాయి. చర్మం మీది ఎలక్ట్రోడ్ ఒక్క కండరాన్నే వినదు. దాని కింద, పక్కన పనిచేసే నాలుక కండరాలూ మెడ చర్మం కింది ప్లాటిస్మా కూడా ఆ మాటలో గొంతు కలుపుతాయి. ఈ పోలిక గీతలను ముందు తీసిపెట్టుకోకపోతే, నాలుకతో పళ్ల సందులు తడుముకున్న రోగిని రెండోసారి మింగాడని నమోదు చేసే ప్రమాదం ఉంది. మా యంత్రపు సాఫ్ట్‌వేరు సరిగ్గా ఆ తప్పే చేస్తుంది. ఒకసారి, మాట్లాడటమే ఇష్టమైన ఒక పెద్దాయన నీళ్ల గ్లాసు ముట్టకుండానే తన కుటుంబ విశేషాలు చెబుతుంటే యంత్రం ఏకధాటిగా గుటకలు లెక్కపెడుతూ పోయింది.

మైక్రోవోల్టుల అంకెను ఒక రోగి నుంచి ఇంకో రోగికి పోల్చకూడదు. ఒకే రోగిలో కూడా నిన్నటికీ ఇవాళ్టికీ నేరుగా పోల్చకూడదు. అంటించిన చోటు, చర్మపు తడి, కొవ్వు మందం, అన్నీ దాన్ని మారుస్తాయి. చేతి కండరాలకైతే రోగిని శక్తికొద్దీ బిగించమని, ఆ గరిష్ఠానికి తక్కిన కొలతలను శాతంగా లెక్కగడతారు. గుటకకు అలాంటి గరిష్ఠం దొరకదు, ఎందుకంటే గుటకను సగంలో ఆపి బిగించి చూపడం ఎవరి వల్లా కాదు. అందువల్ల ఒకే సిటింగులో, ఎలక్ట్రోడ్లు తీయకుండా, మామూలు గుటకకూ బలంగా వేసిన గుటకకూ మధ్య నిష్పత్తి చూడటమే నాకు నమ్మదగిన పద్ధతిగా తేలింది.

మరి ఈ యంత్రం బాగా చేసేదేమిటి? కాలాన్ని కొలుస్తుంది, గీతను మనమే చదివితే గుటకలను సరిగ్గా లెక్కపెట్టనిస్తుంది. ఈ రెండింటి విలువ తక్కువేమీ కాదు. దీనికి మంచి ఉదాహరణ టర్కీలోని ఇజ్మీర్ నగరంలో, ఎగే విశ్వవిద్యాలయంలో పనిచేసిన జుమ్‌హుర్ ఎర్తెకిన్, ఆయన సహచరులు 1996లో ప్రచురించిన ‘డిస్ఫేజియా లిమిట్’, అంటే మింగుడు హద్దు పరీక్ష. ఆలోచన చాలా సులభం. రోగికి సిరంజితో 1, 3, 5, 10, 15, 20 మిల్లీలీటర్ల నీటిని వరుసగా ఇస్తూ, ప్రతి మోతాదునూ ఒకేసారి మింగమంటారు. ఆరోగ్యవంతులైన పెద్దలు 20 మిల్లీలీటర్ల దాకా ఒకే గుటకలో మింగగలరు. మింగుడు సమస్య ఉన్నవారు అంతకంటే తక్కువ మోతాదులోనే నీటిని రెండు మూడు గుటకలుగా విడగొట్టుకుంటారు. ఎనిమిది సెకన్ల లోపు రెండో గుటక పడితే ఆ మోతాదే వారి హద్దు. గడ్డం కింద ఈఎంజీ, స్వరపేటిక కదలికను పట్టే చిన్న పీజో సెన్సరు, ఈ రెండే సామగ్రి.

నాకు ఈ పరికరం మీద గౌరవం కలిగింది ఆ పరీక్ష వల్లనే. పార్కిన్సన్స్ ఉన్న ఒకావిడ తనకు మింగడంలో ఏ ఇబ్బందీ లేదని గట్టిగా చెప్పేవారు, ఇంట్లోవారూ అదే అనేవారు. పది మిల్లీలీటర్ల దగ్గర తెర మీద మూడు గుటకల గీతలు వరుసగా కనిపించాయి. ఆమెకు ఒక్కసారే మింగినట్టు అనిపించింది. అబద్ధమాడారని కాదు, ఆ జబ్బు అంత నెమ్మదిగా వచ్చి, నీటిని విడగొట్టుకోవడం ఆమెకు అలవాటుగా మారిపోయింది. ఆ గీత ప్రింటు తీసి జతచేసి పంపితే వీడియోఫ్లోరోస్కోపీకి త్వరగా పిలుపు వచ్చింది. ఈ పరికరం నుంచి నేను కోరేది ఇంతే: అసలు పరీక్షకు ఎవరిని ముందు పంపాలో తెలియాలి.

ఒక లోపం చెప్పాలి. నేను కొన్న యంత్రంతో పీజో సెన్సరు రాలేదు, రెండో చానల్‌కు దాన్ని కలిపే ఏర్పాటూ లేదు. అడిగితే, రెండో చానల్‌ను స్వరపేటిక కింది కండరాల మీద పెట్టుకోమని అమ్మినవారు సలహా ఇచ్చారు. అది కొంతవరకు పనికొస్తుంది కాని, కండరం ప్రయత్నించడం వేరు, స్వరపేటిక నిజంగా లేవడం వేరు. మెడ గట్టిపడిపోయినవారిలో కండరం బలంగానే లాగుతుంది, ఎముక కదలదు. ఈఎంజీ ఒక్కటే చూస్తే ఆ గుటక దివ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇప్పటికి ఒక చెయ్యి రోగి గొంతు మీద ఆనించి, ఇంకో చేత్తో కీబోర్డు మీద గుర్తు కొడుతూ ఆ లోటు పూడ్చుకుంటున్నాను.

చికిత్సలో దీని ఉపయోగం పరీక్షలో కంటే స్పష్టంగా కనిపించింది. మెండెల్సన్ విన్యాసం అనే అభ్యాసంలో, గుటక మధ్యలో స్వరపేటిక పైకి లేచినప్పుడు దాన్ని కిందికి జారనివ్వకుండా రెండు సెకన్లు అక్కడే నిలిపి ఉంచమని చెబుతాము. మాటలతో దీన్ని నేర్పడం ఎంత కష్టమో నేర్పినవారికే తెలుసు. కంటికి కనిపించని, ఇష్టానికి సగమే లొంగే చలనాన్ని ‘అక్కడే ఉంచండి’ అంటే రోగి నావైపు అయోమయంగా చూస్తారు. తెర మీద గీతను చూపించి, ఆ కొండ పైభాగాన్ని బల్లలా చదును చేయమంటే చాలామంది మూడో సిటింగుకే పట్టేస్తారు. పక్షవాతం, తల మెడ క్యాన్సర్ తర్వాత మింగుడు సమస్య వచ్చినవారిలో ఈ రకం బయోఫీడ్‌బ్యాక్ వల్ల మేలు కనిపించిందని మైకేల్ క్రేరీ బృందం 2004లోనే రాసింది. నా గదిలో ఆ యంత్రం పని సమయంలో ఎక్కువ భాగం ఇలాగే గడుస్తోంది.

ఎలక్ట్రోడ్లు అంటించేటప్పుడు దాదాపు ప్రతి రోగీ అడిగే మాట ఒకటుంది: “ఇది షాక్ కొడుతుందాండీ?” మొదటి యంత్రం విషయంలో నా జవాబు సులభం. “లేదండీ, ఇది మీలోకి ఏమీ పంపదు, మీ కండరం చేసే చప్పుడును వింటుందంతే.” రెండో యంత్రం వచ్చాక ఆ జవాబును మార్చుకోవలసివచ్చింది. అది నిజంగానే కరెంటు పంపుతుంది. మిల్లీఆంపియరు కంటే తక్కువ, 50 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో. అంత వేగంగా దిశ మార్చుకునే అంత చిన్న ప్రవాహానికి నాడులూ కండరాలూ స్పందించవు కాబట్టి రోగికి ఏమీ తెలియదు. అయినా పేస్‌మేకర్ వంటి పరికరం ఒంట్లో ఉన్నవారికి హృద్రోగ నిపుణుల అనుమతి లేకుండా నేను దాన్ని అంటించను. వైద్య విద్యుత్ పరికరాల భద్రతా ప్రమాణం ఐఈసీ 60601కు తగినట్టు పరీక్షించిన ధ్రువపత్రం చూపలేని యంత్రాన్ని కొనే ఆలోచనే వద్దు.

ఇంపెడెన్స్ సూత్రం నాకు మొదట్లో ఈఎంజీ కంటే ఆకర్షణీయంగా తోచింది. కండరం, రక్తం, లాలాజలం కరెంటును బాగా పోనిస్తాయి, కొవ్వు అడ్డుకుంటుంది, గాలి దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. మామూలుగా గొంతులో గాలి నిండిన ఖాళీ ఉంటుంది. గుటక పడినప్పుడు నాలుక మొదలు, గొంతు గోడలు, స్వరపేటిక ఒకదానినొకటి హత్తుకుని ఆ ఖాళీని మూసేస్తాయి, ఇంపెడెన్స్ పడిపోతుంది. మళ్లీ తెరుచుకున్నప్పుడు పెరుగుతుంది. తెర మీద అది ఒక లోయలా కనిపిస్తుంది. లోయ ఎంత లోతు, ఎంత త్వరగా దిగింది, ఎంతసేపు అడుగున ఉంది అన్నవి గొంతు మూసుకున్న తీరును తెలుపుతాయి. కండరం ప్రయత్నాన్ని ఈఎంజీ చెబితే, ఆ ప్రయత్నం ఫలించిందో లేదో ఇది చెప్పాలన్నమాట. పైన నేను మొరపెట్టుకున్న లోటును తీర్చవలసింది ఇదే.

ఈ ఆలోచనకు పాత చుట్టరికం ఉంది. ఫ్రాన్స్‌లో ఫిలిప్ ఫాబ్ర్ 1957లో మెడకు రెండు వైపులా ఎలక్ట్రోడ్లు పెట్టి, స్వరతంత్రులు కలిసి విడిపోతుంటే ఇంపెడెన్స్ ఎలా మారుతుందో నమోదు చేశారు. అదే నేటి ఎలక్ట్రోగ్లాటోగ్రఫీ. స్వరాన్ని పరీక్షించేవారు ఆ సంకేతంలో స్వరపేటిక ఎక్కిదిగడం వల్ల వచ్చే నెమ్మది ఊగిసలాటను చెత్తగా భావించి వడకట్టి పారేస్తారు. మింగుడును పరీక్షించేవారికి కావలసింది సరిగ్గా ఆ చెత్తే. బెర్లిన్‌లో కొరిన్నా షుల్తైస్, థామస్ షావర్, హోల్గర్ నార్‌స్టెట్, రైనర్ జైడెల్‌ల బృందం 2013, 2014లలో ఈఎంజీనీ బయోఇంపెడెన్స్‌నూ కలిపి కొలిచే పద్ధతిని వివరిస్తూ వ్యాసాలు ప్రచురించింది. కండర సంకేతం కొన్ని వందల హెర్ట్జ్ లోపల, పంపే కరెంటు వేల హెర్ట్జ్‌లలో ఉంటాయి కాబట్టి రెండింటినీ ఒకే సమయంలో నమోదు చేసి, తర్వాత విడదీయవచ్చు.

ఈ రెండో యంత్రానికి నాలుగు ఎలక్ట్రోడ్లు ఎందుకని నన్ను అడిగినవారున్నారు. రెండు ఎలక్ట్రోడ్లతోనే కరెంటు పంపి, వాటి మధ్యనే వోల్టేజి కొలిస్తే చర్మానికీ జెల్‌కూ మధ్య ఉండే నిరోధం కూడా లెక్కలోకి వచ్చి పడుతుంది. అది గొంతులో వచ్చే మార్పు కంటే ఎన్నో రెట్లు పెద్దది. కరెంటు పంపే జంటను వేరుగా, వోల్టేజి చూసే జంటను వేరుగా ఉంచితే, రెండో జంట గుండా కరెంటు దాదాపు ప్రవహించదు కనుక చర్మపు గొడవ తప్పుతుంది. సూత్రప్రకారం ఇది బాగుంది.

ఆచరణలో మాత్రం మెడ ఎప్పుడూ నిలకడగా ఉండదు. తల కొద్దిగా పక్కకు తిప్పినా, గడ్డం దించినా కరెంటు పోయే దారి మారి ఆధార గీత కిందికో పైకో జరిగిపోతుంది. గడ్డం దించి మింగడం మేము నేర్పే భంగిమల్లో ఒకటి కావడం ఇక్కడి ఇరకాటం. భంగిమ సాయపడిందా అని చూడాలనుకున్నప్పుడే కొలత భంగిమ వల్ల చెడుతుంది. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం మొరటుది. ముందు ఆ భంగిమలో మింగకుండా కూర్చోబెట్టి పది సెకన్లు నమోదు చేసి, ఆ తర్వాతే నీరిస్తాను. తల వణికేవారిలో ఇది కూడా పనిచేయదు. శ్వాస కోసం మెడకు రంధ్రం చేసి పెట్టే ట్రాకియాస్టమీ గొట్టం ఉన్నవారిలో ఎలక్ట్రోడ్లకు చోటే దొరకడం కష్టం; దొరికినా ఆ గొట్టం కదలిక, స్రావాల తడి గీతను చెడగొడతాయి. తీరా చూస్తే ఈ పరీక్ష అవసరం ఎక్కువగా ఉండే రోగులు వీరే.

లోయలు బాగా వచ్చిన రోజున మాత్రం అవి చూడముచ్చటగా ఉంటాయి. ఈఎంజీ కొండ ముందు లేస్తుంది, కొంత తేడాతో ఇంపెడెన్స్ లోయ దిగుతుంది. ఆ తేడా ఒకే రోగిలో వారం వారం ఎలా మారుతుందో చూడటం నాకు చాలా నేర్పింది. పక్షవాతం వచ్చిన ఒక రోగిలో మొదట కొండకు లోయ అడుగుకు మధ్య చాలా ఎడం ఉండేది, లోయ కూడా నిస్సారంగా ఉండేది. రెండు నెలల అభ్యాసం తర్వాత రెండూ దగ్గరపడ్డాయి. ఆ మార్పు చికిత్స వల్లనా, కాలక్రమేణా మెదడు కోలుకోవడం వల్లనా అని ఆ గీత చెప్పదు. నేను కూడా చెప్పలేను.

ద్రవం చిక్కదనం గురించి ఒక హెచ్చరిక. చిక్కటి ద్రవానికి కండరం ఎక్కువగా, ఎక్కువసేపు పనిచేస్తుంది. అందువల్ల ఏ చిక్కదనం ఇచ్చారో రాయని రికార్డు పనికిరాదు. ‘కొంచెం చిక్కగా’ అని రాస్తే రేపు ఎవరికీ అర్థం కాదు. 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయిలుగా ఆహార ద్రవాల చిక్కదనాన్ని విభజించిన అంతర్జాతీయ ఐడీడీఎస్‌ఐ కొలమానం ప్రకారం అంకె రాయాలి, పది మిల్లీలీటర్ల సిరంజిలో పది సెకన్లు కారాక ఎంత మిగిలిందో చూసి ఆ అంకెను సరిచూసుకోవాలి. పరికరం తెరలో ఈ వివరం నింపే గడే లేకపోవడం తయారీదారులు మింగుడు గదిలో ఎంతసేపు గడిపారో చెప్పకనే చెబుతోంది.

ఇప్పుడు స్కోరు. రెండు యంత్రాల సాఫ్ట్‌వేర్లూ పరీక్ష ముగియగానే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒక అంకె చూపిస్తాయి. ఆ అంకె దేని నుంచి వచ్చిందో, ఏ వయసువారితో పోల్చారో, నాలుక కదలికను గుటకగా లెక్కించిందో లేదో ఎక్కడా రాసి లేదు. అంతకంటే ముఖ్యమైన చిక్కు ఇంకోటి ఉంది. గాలిగొట్టంలోకి ఎంత పోయిందో చెప్పడానికి రోజెన్‌బెక్, ఆయన సహచరులు 1996లో ఇచ్చిన ఎనిమిది మెట్ల కొలమానాన్ని మేము వాడుతాము; మొదటి మెట్టులో ఏమీ గాలిదారిలోకి పోదు, ఎనిమిదో మెట్టులో ద్రవం స్వరతంత్రులు దాటి కిందికి పోయినా దాన్ని బయటికి నెట్టే ప్రయత్నమే ఉండదు. చర్మం మీది ఎలక్ట్రోడ్లకు ద్రవం ఎటు పోయిందో కనిపించదు. కండరం చక్కగా బిగిసి, గొంతు చక్కగా మూసుకుని, అవి రెండూ అర సెకను ఆలస్యంగా జరిగితే, ఆ గీతలు రెండూ అందంగానే ఉంటాయి, ద్రవం మాత్రం ముందే కిందికి జారిపోయి ఉంటుంది. అలాంటి గుటకకు కూడా ఆకుపచ్చ అంకె వచ్చే అవకాశం ఉంది. వార్డులో తీరిక లేని ఒక జూనియర్ వైద్యుడు ఆ ఆకుపచ్చను చూసి ‘నోటి ద్వారా నీరు ఇవ్వవచ్చు’ అని రాసేస్తే బాధ్యత ఎవరిది? మా దగ్గర ఒకసారి అంతవరకూ వచ్చింది; నర్సు నన్ను పిలిచి అడగడం వల్ల ఆగింది. అప్పటి నుంచి ఆ అంకె ఉన్న పేజీని ప్రింటు తీయకుండా, గీతలున్న పేజీని మాత్రమే నా వివరణతో ఫైల్లో పెడుతున్నాను.

అందుకే కొనేవారికి నా మొదటి సలహా: శుద్ధిచేయని అసలు గీతను తెర మీద చూపి, ఫైలుగా బయటికి ఇచ్చే యంత్రాన్నే తీసుకోండి. సెకనుకు కనీసం 1000 నమూనాలు తీసుకుంటుందా, గుటక పడిన క్షణంలో మనం గుర్తు కొట్టే మీట ఉందా, వీడియోతో కాలం కలిపే వీలుందా అని అడగండి. ఆ వీలుంటే, ఎప్పుడైనా వీడియోఫ్లోరోస్కోపీ గదిలోకి యంత్రాన్ని తీసుకువెళ్లి ఒకే గుటకను రెండు విధాలా చూడవచ్చు; నాకు ఈ గీతలు చదవడం వచ్చింది అలాంటి నాలుగైదు సిటింగులలోనే, వాడకం పుస్తకం వల్ల కాదు. ‘మా అల్గారిథమ్ రహస్యం, కాబట్టి అసలు గీత ఇవ్వలేం’ అన్న విక్రేతకు నమస్కారం పెట్టి పంపించండి. శ్వాసను కొలిచే బెల్టును కలుపుకునే చానల్ ఉంటే మరీ మంచిది. ఆరోగ్యవంతులు ఎక్కువగా ఊపిరి వదులుతున్న దశలో మింగి, మళ్లీ వదలడంతోనే శ్వాసను మొదలుపెడతారు. మింగిన వెంటనే ఊపిరి లోపలికి పీల్చేవారి విషయంలో నేను ఎక్కువ జాగ్రత్త పడతాను.

ఇంకో మాట. గడ్డం కింద ఎలక్ట్రోడ్లు పెట్టి కండరాలను కరెంటుతో ప్రేరేపించే చికిత్సా పరికరాలు వేరే ఉన్నాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అమ్మేవారు కొందరు రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతారు. వాటి గురించి ఈ సమీక్షలో ఏమీ చెప్పడం లేదు. కొలత కోసం కొన్న యంత్రంలో ప్రేరణ మీట కూడా ఉంటే, శిక్షణ లేనివారి చేతికి అందకుండా దాన్ని సెట్టింగులలో మూసి ఉంచడం మాత్రం మరచిపోవద్దు.

ఖర్చు గురించి అడిగేవారు యంత్రం ధరనే చూస్తారు. నడిపేకొద్దీ తేలేది ఎలక్ట్రోడ్ల ఖర్చు. నా రెండో యంత్రానికి దాని కంపెనీ ఎలక్ట్రోడ్లు తప్ప వేరేవి అతకవు, తీగ చివర ప్రత్యేకమైన పిన్ను ఉంది. అవి రావడం ఆలస్యమైన ఒక నెలంతా ఆ యంత్రం బీరువాలోనే ఉంది. మొదటిదానికి ఎక్కడైనా దొరికే మామూలు బటన్ ఎలక్ట్రోడ్లు సరిపోతాయి. చిన్న సైజు కావాలి కాబట్టి పిల్లల ఈసీజీకి వాడేవి తెప్పించుకుంటున్నాను. ఏవి కొన్నా, తెరిచిన ప్యాకెట్టును గట్టిగా మూసి, తెరిచిన తేదీ పైన రాసి పెట్టుకోవాలి. జెల్ ఆరిపోయిన ఎలక్ట్రోడ్ కూడా చర్మానికి బాగానే అంటుకుంటుంది, గీత కూడా ఏదో ఒకటి వస్తుంది. అది గుటకది కాదని తెలుసుకోవడానికి నాకు ఒకసారి పూర్తిగా ఒక ఉదయం పట్టింది.